పోర్చుగల్‌లో తొమ్మిది రోజులు, కౌంటర్ దగ్గర రెండు గంటలు

అద్దె కారు తిరిగిచ్చి పన్నెండు రోజులైంది. దాని డిపాజిట్ 1,400 యూరోలు ఇంకా నా క్రెడిట్ కార్డు మీదే ఇరుక్కుని ఉన్నాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

తేలికగా అయిపోయినవి ముందు చెప్పేస్తా. వీసా వచ్చింది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి 1,000 రూపాయలు కట్టి ఆర్టీఏ ఆఫీసుకి ఒకసారి వెళ్తే పనైపోయింది, ఏడాది చెల్లుతుంది. హోటళ్లు మా ఆయన బుక్ చేశారు. కారు కూడా ఆయనే, ఆయన కార్డు మీదే బుక్ చేశారు. గొడవంతా అక్కడే ఉంది.

మా ఇంట్లో డ్రైవింగ్ నాది. ఆయనకి రాదు. నేను ముప్పై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, శ్రీశైలం ఘాట్ రోడ్డు వానలో దిగినదాన్ని. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

లిస్బన్ ఎయిర్‌పోర్టులో కార్ల కౌంటర్ దగ్గరికి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. కౌంటర్లో కుర్రాడు మా ఆయన్ని లైసెన్స్ అడిగాడు. నాది ఇచ్చాను. అది తీసుకుని, మళ్లీ ఆయన వైపే చూస్తూ క్రెడిట్ కార్డు అడిగాడు. ఆయన తనది తీశారు. కుర్రాడు రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసి కుదరదన్నాడు. బండి నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలట, డిపాజిట్ దాని మీదే బ్లాక్ చేస్తారట. ఈ షరతు బుకింగ్‌లోనే ఉంది, ఎక్కడో అడుగున, బూడిదరంగు చిన్నక్షరాల్లో. టూత్‌పేస్ట్ డబ్బా వెనక రాసింది కూడా చదివే మా ఆయన దీన్ని మాత్రం చదవలేదు.

"అయితే సార్‌నే మెయిన్ డ్రైవర్‌గా రాస్తాను" అన్నాడు కుర్రాడు, ఏదో మేలు చేస్తున్నట్టు.

"సార్‌కి డ్రైవింగ్ రాదు."

వెనక క్యూలో ఎవరో నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

జీతం పడే ఖాతా డెబిట్ కార్డు ఇచ్చాను. ముట్టుకోలేదు. డెబిట్ అయితే వాళ్ల ఫుల్ ఇన్సూరెన్స్ కొనాలట, రోజుకి 32 యూరోలు. లెక్కేస్తే కారు అద్దె కంటే ఎక్కువైంది. అప్పుడు గుర్తొచ్చింది, సూపర్‌మార్కెట్ డిస్కౌంట్ కోసం తీసుకుని పర్సు అడుగున పడేసిన క్రెడిట్ కార్డు. మెషిన్లో పెట్టాడు. డిక్లైన్. మళ్లీ పెట్టాడు. డిక్లైన్. అతను మెల్లగానే అన్నాడేమో, నాకైతే మైకులో అన్నట్టు వినిపించింది.

తప్పు నాదే. 2020లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం వల్ల మన కార్డులకి విదేశాల్లో వాడకం ఆపేసే ఇస్తారు, మనం ఆన్ చేసుకోవాలి. యాప్‌లో ఆన్ చేయబోతే ఓటీపీ అడిగింది. ఓటీపీ రావాల్సిన నంబరుకి రోమింగ్ లేదు, డబ్బు మిగుల్చుకుందామని నేనే వేయించలేదు. ఎయిర్‌పోర్టు వైఫైలో మా అబ్బాయికి వాట్సాప్ కాల్ చేశాను. హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర దాటింది. "అమ్మా, నువ్వు కంగారు పడకు, ప్యాక్ వేస్తున్నా" అన్నాడు. వేశాడు. మొదటి ఓటీపీ వచ్చేసరికి యాప్ టైమవుట్ అయింది. ఈలోగా మమ్మల్ని పక్కకి జరగమన్నారు. సూట్‌కేస్ మీద కూర్చుని ఆరు కుటుంబాలు తాళాలు తీసుకుని వెళ్లిపోవడం చూశాను. రెండో ఓటీపీ పనిచేసింది. ఆ తర్వాత మెషిన్ పిన్ అడిగింది. అది కూడా గుర్తులేదు, మళ్లీ యాప్, మళ్లీ ఓటీపీ.

ఏడున్నరకి డిపాజిట్ బ్లాక్ అయింది. ఆ కుర్రాడు నవ్వుతూ తాళం తీసుకెళ్లి మా ఆయన చేతిలో పెట్టాడు.

మీరు వెళ్తుంటే హోటళ్ల సంగతి తర్వాత చూసుకోండి. నడిపేవాళ్ల పేరు మీద క్రెడిట్ కార్డు, దానికి సరిపడా లిమిట్, ఇంటర్నేషనల్ ఆన్, పిన్, రోమింగ్, ఇవి ఇంట్లోనే తేల్చుకోండి. బీచ్‌లో డ్రోన్ ఎగరేసే వీడియోల వాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు. పాత వీడియోలు చూసి దక్షిణాన ఏ22 రోడ్డు టోల్ గురించి టెన్షన్ కూడా పడకండి, 2025 జనవరి 1 నుంచి అది తీసేశారు.

రోడ్డు సంగతి అంటారా, హాయి. స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి మొదటిరోజంతా గేరు కోసం ఎడమచేత్తో తలుపు తడుముకున్నాను. ఇండికేటర్ వేద్దామనుకున్న ప్రతిసారీ ఎర్రటి ఎండలో వైపర్లు ఆడాయి. రౌండబౌట్లో మొదటి ఎగ్జిట్‌లో దిగకపోతే లోపలి లేన్‌లోకి వెళ్లాలి, ఇది అక్కడ చట్టం. లిస్బన్ నుంచి తీరం వెంట, దేశం నైరుతి కొసనున్న సాగ్రెస్ దాకా దాదాపు మన హైదరాబాద్–విజయవాడ అంత దూరం. దానికి మేం ఎనిమిది రోజులు తీసుకున్నాం. సెటూబల్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కి ట్రోయాలో దిగాం. కాబో సర్దావ్ దగ్గర సముద్రంలో నిటారుగా నిలబడ్డ రాతిస్తంభాల మీద తెల్లకొంగలు గూళ్లు కట్టుకున్నాయి. మే నెల కదా, పిల్లలున్నాయి. కింద అల విరిగిన ప్రతిసారీ ఒక పిల్ల మెడ సాచి కిందికి చూసేది. కొల్లేరు పక్క ఊళ్లో పుట్టిన మా ఆయన అక్కణ్ణుంచి గంటసేపు కదల్లేదు.

దగ్గర్లోనే సావ్ తియోటోనియో అని చిన్న ఊరు. అక్కడి కొట్లో కందిపప్పు, పచ్చిమిర్చి దొరికాయి. చుట్టుపక్కల గ్రీన్‌హౌసుల్లో రాస్ప్‌బెర్రీలు కోసేవాళ్లలో చాలామంది నేపాల్, ఇండియా, బంగ్లాదేశ్ వాళ్లే. కొట్లో ఒక పంజాబీ అబ్బాయి హిందీలో మాట కలిపాడు. రెసిడెన్స్ కార్డు కోసం రెండేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడట. నా కౌంటర్ గోడు చెప్పబోయి ఊరుకున్నాను.

తొమ్మిదో రోజు ఫారో ఎయిర్‌పోర్టులో కారు అప్పగించాం. అక్కడి మనిషి చుట్టూ తిరిగి చూసి, కాగితం, పెన్ను మా ఆయన ముందుకి చాచాడు. ఈయన చేతులు జేబుల్లోంచి తీయకుండా గడ్డంతో నా వైపు చూపించారు.