ఇరవై రెండో నంబరు ట్రామ్

విమానంలో నాన్నకి కాఫీలో చక్కెర ఎంత వేయాలో నన్ను అడిగారు. ఆయన వరస చివరి సీట్లో కూర్చుంటారా అని నన్ను అడిగారు. మెట్లెక్కగలరా, చేతులు కడుక్కుంటారా, చలేస్తోందా... అన్నీ నన్నే. నాన్న నా పక్కనే ఉంటారు. వినపడుతుంది, మాట్లాడతారు, లెక్కలు నాకంటే వేగంగా కడతారు. పోయింది చూపొక్కటే. వియన్నాలో తమ్ముడి ఇంటికి చేరేసరికే నాకు ఈ ప్రశ్నలతో ఒళ్లు మండిపోయింది.

మధ్యలో విమానం మారిన చోట ఇంకో ముచ్చట. యూరప్‌లో విమానాశ్రయాలు, విమాన సంస్థలు వికలాంగులకు ఉచితంగా సాయం చేయాలని 2006 నుంచి చట్టముంది. 48 గంటల ముందు చెప్పుకుంటే చాలు. టికెట్లు తీసుకున్నప్పుడే ‘చూపు లేదు, నడవగలరు’ అని స్పష్టంగా రాయించాను. అయినా విమానం తలుపు దగ్గర చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. “కాళ్లు బాగానే ఉన్నాయమ్మా, చెప్పు,” అన్నారు నాన్న. చెప్పాను. ఆ అబ్బాయి కుర్చీలో కూర్చోవాల్సిందే, రూలు అన్నాడు, అదీ నాతోనే. నాన్న ఒక్క నిమిషం ఆలోచించి, మా రెండు సంచులూ ఆ కుర్చీలో పెట్టించి, వెనక పిడి పట్టుకుని తనే తోసుకుంటూ నడిచారు. ఆ పిల్లాడు ముందు నడిచాడు. ఆ పొడవాటి దారంతా నాన్న ఎక్కడా తడబడలేదు. చేతిలో పిడి ఉంటే దారి తెలుస్తుంది ఆయనకి. ఎన్నేళ్ల అలవాటు!

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. వినుకొండ డిపో. ఎక్కువ భాగం శ్రీశైలం బస్సు నడిపారు. నీటికాసులు (గ్లకోమా) వచ్చాయని డ్రైవర్లకి చేసే కంటిపరీక్షలో బయటపడింది. ఆ జబ్బు ముందు పక్కచూపుని తినేస్తుంది. ఎదురుగా ఉన్నది చాలాకాలం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానమే రాదు. అన్‌ఫిట్ అని రాసి డిపోలో వేరే పనిచ్చారు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడమే అందులో వైద్యం. ఆయనకి ఆ మిగిలింది కూడా ఎక్కువకాలం నిలవలేదు. ఇప్పుడు వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది, అంతే.

వియన్నా గురించి ఎక్కువ రాయను. ఊరు అందంగా ఉంది, ఆ సంగతి అందరూ రాస్తారు. స్టేషన్లో మరుగుదొడ్డికి డబ్బులు కట్టాల్సి వచ్చినప్పుడల్లా నాన్నకి నచ్చేది కాదు, నాకూ నచ్చలేదు. నచ్చిందేమిటంటే, కొన్ని రోడ్లు దాటేచోట సిగ్నల్ స్తంభం టక్... టక్... అని కొట్టుకుంటూ ఉంటుంది. ఎర్రలైటుకి నిదానంగా, పచ్చలైటుకి గబగబా. ఎవరూ చెప్పకుండానే నాన్న దాన్ని కనిపెట్టారు. తర్వాత నుంచి నేను “నాన్నా, పదండి” అనేలోపే ఆయన అడుగు పడేది. స్టీఫన్ చర్చి బయట ఆ చర్చికే చిన్న కంచు నమూనా పెట్టారు, చూపులేనివాళ్లు తడిమి చూసుకోవడానికి. నాన్న దాని శిఖరాన్ని అడుగు నుంచి పైదాకా రెండు వేళ్లతో కొలిచి, “ఒకవైపే పొడుగ్గా ఉందే, రెండోది కట్టలేదా?” అన్నారు. నిజమే, ఉత్తరం గోపురం పూర్తికాలేదు. నేను అప్పటికి రెండుసార్లు ఆ చర్చి ముందు ఫొటోలు దిగాను, గమనించలేదు.

వియన్నా నుంచి చెక్ దేశ రాజధాని ప్రాగ్‌కి రైల్లో నాలుగు గంటలు. అక్కడ మొదటిరోజు మాకు అస్సలు బాగాలేదు. ప్రాగ్ కాలిబాటలు చిన్న చిన్న రాతి ముక్కలు పేర్చి వేసినవి. చూడ్డానికి ముగ్గేసినట్టుంటాయి గాని, నాన్న తెల్లకర్ర మొన ప్రతి పది అడుగులకీ ఏదో ఒక సందులో ఇరుక్కునేది. ఇరుక్కుంటే కర్ర పిడి వచ్చి పొట్టలో పొడుచుకుంటుంది. పైగా జనం. అక్కడి పాతబస్తీలో గంటగంటకీ బొమ్మలు కదిలే గడియారం దగ్గర గంట కొట్టే సమయానికి ఒకరి మీద ఒకరు పడి ఫోన్లు పైకెత్తి నిలబడతారు. నాన్న జబ్బ పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆయనకి అలా లాగితే గిట్టదు. “నన్ను సామాను మోసినట్టు మోయమాకండి,” అన్నారు కోపంగా. తమ్ముడు, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రి ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

మర్నాడు కోటకి వెళ్దామని నేషనల్ థియేటర్ దగ్గర ట్రామ్ స్టాపులో నిలబడ్డాం. కోటకి 22 వెళ్తుందని ప్రాగ్ వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఒకదాని వెనక ఒకటి ట్రామ్‌లు వస్తున్నాయి. నేను ఒక్కో నంబరూ చదివి చెప్తున్నాను. నాన్న ఊఁ కొట్టడం కూడా మానేశారు. అప్పుడు ఓ ట్రామ్ వచ్చి ఆగి, బయటికి గట్టిగా ఏదో మాట్లాడింది. లోపల చెప్పే స్టాపు పేరు కాదు, బయట నిలబడ్డవాళ్లకి వినపడేట్టు, స్టాపు వైపుకి తిరిగిన గొంతు.

“ఎవరమ్మా అది?” అన్నారు నాన్న, ఒక్కసారిగా తల తిప్పి.

మాకు నాలుగడుగుల దూరంలో ఒకాయన తెల్లకర్రతో నిలబడి ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. చేతిలో చిన్న పెట్టె, కారు తాళానికి వేలాడే రిమోట్ అంత. ట్రామ్ వస్తున్న చప్పుడు వినగానే ఆయన ఒక బటన్ నొక్కుతున్నారు, వెంటనే ట్రామ్ తన నంబరూ, ఎటు పోతుందో ఆ పేరూ చెప్తోంది. తనకి కావలసింది కాకపోతే ఊరుకుంటున్నారు. నాన్నకి చెప్పాను. నాన్న ఆగలేదు. గొంతు వచ్చిన వైపు రెండడుగులు వేసి, “సార్, ఐ బ్లైండ్. ఐ బస్ డ్రైవర్. ఇండియా,” అన్నారు.

ఆయన మొహం నాన్న వైపు తిప్పారు. ఇంగ్లీషు బాగానే వచ్చు ఆయనకి. నేను మధ్యలో తర్జుమా చేస్తున్నా, ఒక్కమాట కూడా నాతో అనలేదు. ప్రతి జవాబూ నాన్న మొహంలోకే. నాన్న అరచెయ్యి తీసుకుని ఆ పెట్టె అందులో పెట్టారు. ఆరు బటన్లు. ఒకటి నొక్కితే ట్రామ్ పేరు చెప్తుంది. ఇంకోటి నొక్కితే ‘చూపులేని మనిషి ఎక్కుతున్నాడు’ అని డ్రైవరుకి కబురు వెళ్తుంది. డ్రైవరు ఆగి, ఎక్కాకే తలుపు వేస్తాడు. మెట్రో మెట్ల దగ్గరా, కొన్ని ఆఫీసుల గుమ్మాల దగ్గరా కూడా ఇదే పెట్టెకి జవాబిచ్చే స్పీకర్లు ఉన్నాయట. ఊళ్లో తిరగడానికి అదొక్కటి జేబులో ఉంటే చాలన్నారు.

నాన్న అడిగిన మొదటి ప్రశ్న: “డ్రైవరు విసుక్కోడా?”

నేను అడగడానికి కాస్త జంకాను. అడిగాను. ఆయన నవ్వి, విసుక్కునేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు, కానీ ట్రామ్ చెప్పాక వినలేదనడానికి వాళ్లకి వీలుండదు అన్నారు. నాన్న ఆ మాటకి చాలాసేపు తలాడించారు.

ఆయన ఎందుకంతగా తలాడించారో నాకు తెలుసు. పల్లెవెలుగు నడిపిన రోజుల్లో స్టాపు స్టాపుకీ కిటికీ కింద నుంచి అడిగేవాళ్లు, ‘ఏ బస్సు బాబూ, మార్కాపురం పోద్దా?’ అని. చదువు రానివాళ్లు, చూపానని ముసలివాళ్లు. బోర్డు ముందు పెట్టాం కదా అని కసురుకునే డ్రైవర్లుండేవాళ్లు. నాన్న మాత్రం చెప్పేవారు. కానీ బండి ఎక్కడ ఆపితే అక్కడినుంచే చెప్పేవారు, వాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆయనే స్టాపులో నిలబడి అడుగుతారు. ‘ఏ బస్సు బాబూ?’ చప్పుడు విని ఎక్స్‌ప్రెస్సో ఆర్డినరీయో చెప్పగలరు, ఇంజను విని బండి వయసు కూడా చెప్తారు. ఎక్కడికి పోతుందో మాత్రం ఇంజను చెప్పదు.

22 వచ్చింది. నాన్న చేతిలోనే ఉంది పెట్టె. ఆ పెద్దమనిషి నొక్కమన్నారు. నాన్న నొక్కారు. ట్రామ్ గట్టిగా చెప్పింది. నాన్నకి చెక్ భాష ఒక్క ముక్క రాదు, అయినా “ట్వంటీ టూ!” అన్నారు, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. ఆ పెద్దమనిషి తన మోచెయ్యి నాన్నకిచ్చారు. నాన్న మోచేతి పైన పట్టుకున్నారు. అలా పట్టుకోవడం సరైన పద్ధతి, దారి చూపేవాళ్లు ముందుంటారు, చూపులేనివాళ్లు పట్టుకుని వెనక వస్తారు. మనవైపు తెలియనివాళ్లు చెయ్యి పట్టుకుని ముందుకు తోస్తారు. చూపులేని ఇద్దరూ ఒకరిని పట్టుకుని ఒకరు ట్రామ్ ఎక్కారు. నేను, తమ్ముడు వెనక ఎక్కాం.

వంతెన మీదకి ఎక్కగానే చక్రాల చప్పుడు మారింది. “ఏరు,” అన్నారు నాన్న. అవును, వల్టావా నది. ఆ పెద్దమనిషి దిగే స్టాపు వచ్చింది. పెట్టె తీసుకుని, నాన్న భుజం తట్టి, దిగిపోయారు. పేరు కూడా అడగలేదు మేము.

మలోస్ట్రాన్‌స్కా దాటాక ట్రామ్ కొండెక్కుతుంది. అక్కడ రోడ్డు వెనక్కి మెలి తిరుగుతుంది. ట్రామ్ కీచుమంటూ ఒకవైపుకి ఒరిగింది. నాన్న ఎదురు సీటు కమ్మీ పట్టుకుని, కుడికాలు నేలకి అదిమిపెట్టారు.

“హెయిర్‌పిన్. దోర్నాల దాటాక వచ్చేదానిలాగే. కానీ వీడికి ఎదురొచ్చే లారీ భయం లేదు, పట్టాలున్నాయి.” కాసేపాగి, “గేరు మార్చే పనీ లేదు. పాపం, తోచదు వీడికి,” అన్నారు.

అలా మొదలుపెట్టి ఆపలేదు. శివరాత్రికి అదనపు బస్సులేసినప్పుడు ఘాట్‌లో రాత్రంతా ఎలా నడిపిందీ, పొగమంచులో క్లీనర్ ఉండడు కాబట్టి కండక్టరే దిగి ముందు నడిచిందీ, దోర్నాలలో తెల్లవారుజామున టీ... నేను పుట్టినప్పటినుంచీ వినని కథలు ఆ ట్రామ్‌లో విన్నాను. కోట స్టాపు వచ్చింది. తమ్ముడు లేచాడు. నేను చేత్తో కూర్చోమన్నాను. తలుపులు మూసుకున్నాయి. వాడు ఆన్‌లైన్లో కొన్న కోట టికెట్లు అలా పోయాయి, వాడికి ఇప్పటికీ ఆ బాధ ఉంది. చివరి స్టాపు బీలా హోరా దాకా వెళ్లి, అదే నంబరు ఎక్కి వెనక్కొచ్చాం. దిగేటప్పుడు ఆ మెలిక దగ్గర బ్రేకు ఎప్పుడు పడుతుందో నాన్న ముందే చెప్పారు. “ఇప్పుడు,” అన్నారు. పడింది.

ప్రాగ్‌లో నేను కోట చూడలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకేమీ బాధగా లేదు.

ప్రాగ్ తర్వాత వెళ్లిన పారిస్‌లో ఖర్చు చూస్తే గుండె దడ. మేము వెళ్లినప్పుడు మెట్రోలో ఒక్కసారి ఎక్కితే రెండున్నర యూరోలు, మన లెక్కలో రెండొందల యాభైకి అటూ ఇటూ. ఆ దేశపు గొప్పవాళ్ల సమాధులుండే పాంథియన్‌లో మాత్రం నాన్నకీ, తోడుగా నాకూ టికెట్ లేదు. మన ప్రభుత్వం వికలాంగులకిచ్చే నాన్న యూడీఐడీ గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోయింది. అక్కడి నేలమాళిగలో విక్టర్ హ్యూగో లాంటివాళ్ల సమాధుల మధ్య లూయీ బ్రెయిలీ సమాధి ఉంది. మూడేళ్లప్పుడు జీనులు కుట్టే తండ్రి పనిముట్టు కంట్లో గుచ్చుకుని, అయిదేళ్లకల్లా చూపు పూర్తిగా పోగొట్టుకున్నాడు. 15 ఏళ్లకి, 1824లో, చూపులేనివాళ్లు వేళ్లతో తడిమి చదువుకునే చుక్కల లిపి తయారుచేశాడు. 1852లో పోయాడు. అప్పటికింకా ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు, రెండేళ్ల తర్వాత ఒప్పుకుంది. పోయిన నూరేళ్లకి, 1952లో, సొంతూరు కూవ్రే నుంచి ఎముకలు తెచ్చి ఇక్కడ పెట్టారు. కానీ చేతులు మాత్రం ఆ ఊరివాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు.

“చేతులా?” అన్నారు నాన్న. “చేతులే, నాన్నా.” “తెలిసిన జనం,” అన్నారు.

ఆ సాయంత్రం హోటల్లో భోజనానికి కూర్చుంటే, వడ్డించే అమ్మాయి నా వైపు వంగి, “ఆయనకేం కావాలి?” అంది. నేను నోరు తెరవలేదు. నాన్న మొహం పైకెత్తి, “మేడమ్, ఆస్క్ మీ,” అన్నారు. అమ్మాయి క్షమించమని, ఆయన పక్కకి వచ్చి, మెనూ మొదటినుంచి చివరిదాకా ఆయనకి చదివి వినిపించింది. ఓపిగ్గా. నాన్న ఆమ్లెట్టు, బంగాళాదుంప వేపుళ్లు చెప్పారు, కాఫీ రెండు చెంచాల చక్కెరతో.

ఇంటికొచ్చాక నాన్న నాచేత ఒక ఉత్తరం రాయించారు, డిపో మేనేజరు పేర. పెట్టెల సంగతి రెండో పేరాలో పెట్టారు. అలాంటిదే ఢిల్లీ ఐఐటీ వాళ్లు తయారుచేసి ఢిల్లీ, ముంబయి బస్సుల్లో పరీక్షించారని నేను చెప్తే అది కూడా చేర్చమన్నారు. మొదటి పేరాలో మాత్రం పైసా ఖర్చులేని మాట: స్టాపులో తెల్లకర్ర కనిపిస్తే ముందు తలుపు ఆ మనిషి ఎదుటే ఆగేట్టు బండి ఆపాలి, బస్సు ఎక్కడికి పోతుందో డ్రైవరే కిటికీలోంచి గట్టిగా చెప్పాలి, కండక్టరు మీదకి నెట్టకూడదు. అంతా అయ్యాక చదివించుకుని విని, ఎక్స్‌ప్రెస్సులకి, సూపర్ లగ్జరీలకి కూడా ఇది వర్తించాలని కింద కలిపించారు. పల్లెవెలుగుతో సరిపెడతారని ఆయన అనుమానం.