గుమ్మడి పిందె పసుపెక్కి రాలిపోతోందా?

పాదు నిండా పూలున్నాయి, కాయ మాత్రం ఒక్కటీ నిలవడం లేదు. పెరట్లో తియ్య గుమ్మడి వేసినవాళ్లు ఎక్కువగా చెప్పుకునే బాధ ఇదే. వెంటనే చేతికి దొరికిన ఎరువేదో తెచ్చి మొదట్లో పోస్తారు. దాంతో తీగ ఇంకా బలిసి ఆకులేస్తుంది, పిందెలు మళ్లీ రాలతాయి. చాలాసార్లు లోపం ఎరువులో ఉండదు. పొద్దున్నే ఆ పూల మీద తేనెటీగ వాలడం లేదు, అంతే.

గుమ్మడిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు, రెండూ ఒకే తీగ మీద పూస్తాయి. మగపువ్వుకు సన్నని పొడవాటి కాడ ఉంటుంది. ఆడపువ్వు కాడ పొట్టి, పువ్వు విచ్చకముందే దాని కింద గోళీకాయంత పిందె కనిపిస్తుంది. విత్తిన నెల, నెలన్నరకు ముందుగా మగపూలే వస్తాయి. ఆడపూలు మొదలవడానికి ఇంకో వారం పది రోజులు పడుతుంది. ఈలోగా పూలన్నీ రాలిపోతున్నాయని కంగారు పడక్కర్లేదు, మగపువ్వు పూసి రాలాల్సిందే. సంక్రాంతికి గొబ్బెమ్మల మీదకు కోసేటప్పుడూ ఇదే గుర్తు: పొడుగు కాడవే కోయాలి, నాలుగైదు తీగ మీద వదిలేయాలి.

పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, మళ్లీ విచ్చదు. పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. మేడ మీద కుండీల్లోనూ, చుట్టూ పురుగుమందులు కొట్టే చోటా తేనెటీగలు తక్కువ. అలాంటప్పుడు ఆ పని మన చేత్తో చేయాలి. ఉదయం 6 నుంచి 8 గంటల లోపు, అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో తెంపి రెక్కలు ఒలిచేయండి. మధ్యలో మిగిలిన పసుపు పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి బొడిపెల మీద అన్ని వైపులా మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వుతో ఒకటి, మహా అయితే రెండు ఆడపూలు. వాన పడేలా ఉంటే రేపు విచ్చబోయే మొగ్గలకు ముందు రోజు సాయంత్రమే కాగితం పొట్లం తొడగాలి. తడిసిన పుప్పొడి పనికిరాదు. రుద్దడం ఫలిస్తే మూడు నాలుగు రోజుల్లో పిందె ఊరడం తెలుస్తుంది. లేకపోతే కొన నుంచి పసుపెక్కి ముడుచుకుపోతుంది. ఒక తీగకు రెండు మూడు పెద్ద కాయలు పట్టాక కొత్త పిందెలను అదే వదిలించుకుంటుంది, దానికి చేసేదేమీ లేదు.

ఆడపూలు అసలే తక్కువైతే, అది పాదు పెట్టిన రోజుల్లోనే చూసుకోవాల్సిన పని. జూన్–జులై, లేదా డిసెంబరు–జనవరిలో విత్తాలి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట తీసి, బాగా మాగిన పశువుల ఎరువు ఐదారు కిలోలు, రెండు గుప్పెళ్ల వేపపిండి మట్టిలో కలపాలి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. రాత్రంతా నానిన గింజలు నాలుగు, అంగుళం లోతున పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచితే చాలు. పాదుకూ పాదుకూ రెండు మీటర్లకు తగ్గకూడదు. మేడ మీదైతే సగానికి కోసిన డ్రమ్ముకు ఒక్కటే మొక్క. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. మోతాదు పెంచితే ఆకు మాడుతుంది. తీగ రెండు మీటర్లు పాకాక కొన తుంచితే పక్క తీగలు వస్తాయి, ఆడపూలు వాటి మీదే ఎక్కువ. యూరియా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మధ్యాహ్నం ఆకులు వాలిపోయి సాయంత్రానికి నిలబడితే అది ఎండ దెబ్బ, నీళ్లు చాలక కాదు. తెల్లారేసరికి కూడా వాలే ఉంటేనే అనుమానించాలి: మట్టి రెండంగుళాల లోతున తడిగా ఉంటే వేరు దగ్గర తెగులో పురుగో ఉన్నట్టే.

రెండాకుల మొక్కను జల్లెడ చేసేది నారింజరంగు పెంకు పురుగు. పొద్దున్నే మందకొడిగా ఉంటుంది, ఏరి సబ్బు నీళ్లలో వేయండి. ఆకు మీద ఈనెలు కలిసే మూలల్లో తెల్లటి మచ్చలు చూసి బూడిద తెగులని మందు కొట్టేవాళ్లున్నారు. చాలా తియ్య గుమ్మడి రకాలకు ఆ మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. వేలితో తుడిస్తే పొడి అంటుకుంటేనే తెగులు. దానికి గంధకం చల్లకండి, గుమ్మడి జాతి ఆకు ఎండలో మాడిపోతుంది. ముదురాకులు తీసేసి, తొమ్మిది గ్లాసుల నీళ్లకు గ్లాసు పాలు కలిపి వారానికోసారి చల్లితే మొదట్లో అదుపులో ఉంటుంది. ఆకులు పసుపు, ఆకుపచ్చ కలగలిసి ముడుచుకుంటే మాత్రం వైరస్, మొక్క పీకేయడమే.

పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క, అక్కడ జిగురు కనిపిస్తే పండు ఈగ గుడ్లు పెట్టేసినట్టే. పుప్పొడి రుద్దిన రెండో రోజు నుంచే పిందెకు పాత పలచటి గుడ్డ వదులుగా కట్టాలి. ఈగలను పట్టే ఎర బుట్ట కొంటే క్యూ లూర్ అనే వాసన ఎర ఉన్నదే అడగండి, మామిడి తోటలకు వాడే మిథైల్ యూజినాల్ ఎర ఈ ఈగకు పనిచేయదు. ఎరకు వచ్చేవీ మగ ఈగలే కాబట్టి గుడ్డ మానకూడదు. పుచ్చిన కాయను కంపోస్టులో వేస్తే పురుగును పెంచినట్టే, అడుగున్నర లోతున పాతిపెట్టండి.

గోరు గుచ్చితే తొక్కలోకి దిగకుండా, ముచ్చిక ఎండి బెండులా మారాక కాయ కోయాలి. బూడిద గుమ్మడికైతే ఒంటి నిండా తెల్లటి బూడిద పట్టాలి, దొంగ భుజాలు తడుముకునేది దానికోసమే. మూడంగుళాల ముచ్చిక ఉంచి కత్తితో కోసి, వారం పాటు గాలి ఆడే చోట ఆరబెట్టి, గడ్డి మీద ఒకదానికొకటి తగలకుండా పెడితే మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. ముచ్చిక ఊడిన కాయను ముందు దప్పళంలో వేసేయండి, కుళ్లు ఆ గుంటలోంచే మొదలవుతుంది.