అమ్మ చేతికి తెలిసింది

మామిడిచెట్టు మీద నుంచి పడ్డాను. వెన్నుపూస విరిగి, వెన్నుపాము నలిగి, నడుము కింద స్పర్శ పోయింది. ఆపరేషన్, రాడ్లు, కేథటర్ సంగతి ఇక్కడ ఎత్తను. తొమ్మిదో వారంలోని ఒక రాత్రి గురించే రాయాలి.

నన్ను పక్కకు తిప్పబోయిన అమ్మ, కుడి తొడ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "కాలిపోతోంది నాన్నా" అంది. నాకేమీ తెలియలేదు. దుప్పటి తీస్తే తుంటి దగ్గర ఎర్రగా ఉబ్బి ఉంది. జ్వరం 102. కాలి రక్తనాళంలో గడ్డ కడితే అది ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీస్తుందని అప్పటికే విని ఉన్నాను. పిలిస్తే వచ్చిన డ్యూటీ డాక్టరు, "స్పర్శ లేని కాలే కదమ్మా, పొద్దున చూద్దాం" అని వెళ్లిపోయాడు. తెల్లవారేదాకా ఒక్కో ఊపిరీ లెక్కపెట్టుకున్నాను. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు స్కాన్‌లో గడ్డ లేదు. ఎక్స్‌రేలోనూ ఏమీ లేదు. మా ఫిజియోథెరపిస్టు మాత్రం వదల్లేదు. పోయిన వారం తేలిగ్గా వంగిన తుంటి ఇప్పుడు సగంలోనే ఆగుతోందని పెద్ద డాక్టరుతో వాదించి బోన్ స్కాన్ చేయించింది. కీలు చుట్టూ, కండరాల మధ్య కొత్త ఎముక మొలుస్తోంది! దీన్ని హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అంటారట. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో కొందరికి, సాధారణంగా మొదటి నాలుగు నెలల్లో, ఎక్కువగా తుంటికే వస్తుంది. ఎక్స్‌రేలో కనబడడానికి వారాలు పడుతుంది. ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పుకున్నా తక్కువే.

మందులు వాడినా తుంటి బిగుసుకుపోయింది. ఏడాదిన్నర వీల్‌ఛెయిర్‌లో వెనక్కి వాలి పడుకున్నట్టే గడిపాను. ఆ తర్వాత ఆపరేషన్ చేసి ఆ ఎముక తీసేశారు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే రెండు కాళ్లనూ రోజూ చేత్తో తాకి, వేడిలో తేడా ఉందేమో చూడండి. కీళ్లను రోజూ మెల్లగా కదిలించండి, బలవంతంగా వంచొద్దు. కదలని కీలు చుట్టూ పొర బిగుస్తుంది, లోపలి మృదులాస్థి పలచబడుతుంది. భుజాలనూ కాపాడుకోండి. ఒంటి బరువంతా ఇప్పుడు వాటి మీదే. నా కుడి భుజం అప్పుడే పీకుతోంది.

ఆ రాత్రే అమ్మ అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుందట. పోయిన కార్తీకంలో వెళ్లాం. కథలు ఐదూ పూర్తయ్యేదాకా వీల్‌ఛెయిర్‌లో నిటారుగా కూర్చున్నాను.