చంద్రుడి మీది మీగడ

మా వంటగదిలో పొయ్యి గట్టు మీద పరిచిన నల్లరాయి ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చింది. దుకాణంలో దానిని గెలాక్సీ గ్రానైట్ అంటారు గాని ఆ రెండు మాటల్లో ఏదీ నిజం కాదు. గ్రానైటు అనిపించుకోవాలంటే రాతిలో క్వార్ట్జ్ దండిగా ఉండాలి. ఇందులో అది లేదనే చెప్పాలి. ఇది భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన గాబ్రో, నోరైట్ కుటుంబపు రాయి. నల్లటి నేల మీద బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. రాయి పరిచిన మేస్త్రీగారికి ఈ సంగతి చెబితే, "పేరు మారిస్తే రేటు తగ్గుద్దా సార్?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ గట్టు దగ్గర నిలబడి టీ కాచుకునేటప్పుడు నాకు తరచుగా చంద్రుడు గుర్తుకు వస్తాడు. అందుకు కారణం ఆ రాతిలోని ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్. ఈ ఖనిజం ఒక్కటే తొంభై పాళ్లకు పైగా ఉన్న తెల్లని రాతిని అనార్థోసైట్ అంటారు. పున్నమినాడు చంద్రబింబంలో మనకు తెల్లగా కనిపించే ఎత్తైన ప్రాంతాలలో ముఖ్యమైన శిల అదే. (చంద్రుడి రాళ్ల చదువును కూడా 'భూ'గర్భశాస్త్రమనే పిలవవలసి రావడం మన భాషకు ఒక చిన్న ఇబ్బంది, ఇంతకంటె మంచి మాట నాకూ దొరకలేదు.)

ఈ విషయం తెలిసిన తీరు తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యం కలుగుతుంది. 1969 జూలైలో అపోలో 11 దిగిన చోటు ప్రశాంత సాగరం. అది నల్లని బసాల్టు లావా పరచుకున్న మైదానం. అక్కడి నుంచి తెచ్చిన మట్టిలో బసాల్టు పొడి ఉండడం ఊహించిందే. అయితే జాన్ వుడ్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం ఆ మట్టిని గింజ గింజగా ఏరి చూసినప్పుడు, ఆ నేలకు చెందని తెల్లని నలుసులు కొద్ది పాళ్లలో బయటపడ్డాయి. అవి అనార్థోసైట్ ముక్కలు. ఎక్కడో దూరపు మెరకల మీద ఉల్కలు పడినప్పుడు చెదిరి వచ్చి అక్కడ కలిశాయి. మెరకలన్నీ ఈ రాతితోనే ఏర్పడి ఉంటే, అంత ఫెల్డ్‌స్పార్ ఒకచోట పోగుపడడానికి చంద్రుడి పైభాగం ఒకప్పుడు వందల కిలోమీటర్ల లోతున కరిగిన శిలాసముద్రమై ఉండాలని వారు 1970 జనవరిలో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో ప్రతిపాదించారు. ఆ సముద్రం చల్లారుతున్నప్పుడు ముందుగా ఏర్పడిన బరువైన ఆలివిన్, పైరాక్సీన్ స్ఫటికాలు అడుగుకు దిగిపోయాయి. తరువాత పుట్టిన తేలికపాటి ప్లేజియోక్లేజ్, కాచిన పాల మీద మీగడలా పైకి తేలి, పేరుకుని, పైపొరగా గట్టిపడింది. మట్టిలోని కొన్ని నలుసుల నుంచి ఒక లోకపు బాల్యాన్ని ఊహించిన ఆ సాహసాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం అసూయ కలుగుతుంది.

మరి భూమికి ఇటువంటి మీగడ ఎందుకు కట్టలేదు? ప్లేజియోక్లేజ్ ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు. ఒక హద్దు దాటితే ఆ ఖనిజం నిలవదు, అందులోని అల్యూమినియం గార్నెట్ వంటి వేరే ఖనిజాలలోకి పోతుంది. చంద్రుడి గురుత్వం మన దానిలో ఆరో వంతు కనుక అక్కడ లోతుకు పోయే కొద్దీ ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది, ఆ ఖనిజం చాలా లోతు వరకు పుట్టి తేలగలదు. భూమి మీద ఆ వీలు తక్కువ. పైగా ఇక్కడ తొలి పైపొర ఏదైనా మిగిలి ఉన్నా, భూమి పైపొరను మోసే పెద్ద పలకల కదలిక దానిని ఎప్పుడో లోపలికి లాగి మళ్లీ కరిగించేసింది.

అంటే భూమి మీద అనార్థోసైట్ లేదని కాదు. 1971లో అపోలో 15 వ్యోమగాములు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ స్పర్ బిలం అంచున ఒక తెల్లని రాతిని చూసిన వెంటనే పోల్చుకున్నారంటే, అంతకుముందు లీ సిల్వర్ అనే భూగర్భశాస్త్రవేత్త వారిని కాలిఫోర్నియా కొండల్లో తిప్పి, అక్కడి అనార్థోసైట్‌ను చేతికిచ్చి చూపించి ఉండడమే కారణం. 269 గ్రాముల ఆ ముక్కకే జెనెసిస్ రాక్ అని పేరు వచ్చింది. విమానాలు నడిపిన పైలట్లను రాళ్ల మనుషులుగా మార్చిన ఆ శిక్షణకు, ఆ యాత్రల రాకెట్లకు వచ్చినంత పేరు రాలేదు.

మన దేశంలోనూ ఈ రాయి ఉంది. ప్రకాశం జిల్లాలోనే పసుపుగల్లు దగ్గర గాబ్రోతో పాటు అనార్థోసైట్ కనిపిస్తుంది. కాని చంద్రయాన్ ల్యాండర్, రోవర్ పరీక్షలకు కృత్రిమ చంద్రనేల కావలసి వచ్చినప్పుడు ఇస్రో తమిళనాడులోని నామక్కల్ జిల్లా సిత్తంపూండి రాతిని ఎంచుకుని పొడి చేయించింది. ఎందుకంటే భూమి మీద పెద్ద పెద్ద అనార్థోసైట్ రాశులలోని ఫెల్డ్‌స్పార్‌లో సోడియం, కాల్షియం ఇంచుమించు సరిసమానంగా ఉంటాయి. చంద్రుడి ఫెల్డ్‌స్పార్‌లో దాదాపు అంతా కాల్షియమే. సిత్తంపూండి రాయి ఈ విషయంలో చంద్రుడికి బాగా దగ్గర. ఒకే పేరు పెట్టుకున్న రెండు రాళ్ల పుట్టుక ఒకటే అయి ఉండనక్కరలేదని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. సిత్తంపూండి రాయి భూపటలంలోని శిలాద్రవపు గదిలో పుట్టినది, దాని వెనుక లోకమంత సముద్రమేమీ లేదు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర దిగిన తరువాత, ప్రజ్ఞాన్ రోవర్ వంద మీటర్ల దూరం నడిచి తనలోని ఒక పరికరంతో 23 చోట్ల నేలను పరీక్షించింది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల తయారుచేసిన ఆ పరికరంలో క్యూరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. దాని కిరణాలు మట్టికి తగిలినప్పుడు ఒక్కొక్క మూలకం తనదైన ఎక్స్-కిరణాన్ని విడుస్తుంది. అంతకుముందు మట్టి నమూనాలు వచ్చినవన్నీ భూమధ్యరేఖకు దగ్గరి, మధ్య అక్షాంశాల ప్రాంతాల నుంచే కాబట్టి, దక్షిణాన అంత దూరంలో నేలను తాకి చూడడం అదే మొదలు. 23 చోట్లా ఫలితం దాదాపు ఒకటే, ఇనుము కలిసిన అనార్థోసైట్ జాతి. దానితో పాటు మెగ్నీషియం అనుకున్న దానికంటె కొంత ఎక్కువగా ఉంది. అక్కడికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న దక్షిణ ధ్రువ–ఐట్కెన్ మహాబిలం ఏర్పడినప్పుడు లోపలి పొరల పదార్థం పైకి ఎగజిమ్మి ఇక్కడ కలిసి ఉంటుందని 2024లో ప్రచురించిన పరిశోధనాపత్రం వివరించింది.

ఆ రోజుల్లో చాలా వార్తలు, చంద్రుడి మీద శిలాసముద్రం ఉండేదని 'రుజువైంది' అని రాశాయి. నేను ఆ మాట వాడను. ఆ పరికరం మూలకాలను చెబుతుందే గాని ఖనిజాలను నేరుగా చూపదు, రాతి వయసును అసలే చెప్పదు. అసలు చిక్కు వయసులోనే ఉంది. అపోలో 16 తెచ్చిన ఒక అనార్థోసైట్ వయసు 2011లో జరిపిన కొలతల్లో 436 కోట్ల సంవత్సరాలని తేలింది. చంద్రుడు పుట్టిన కొద్ది కాలానికే మీగడ కట్టి ఉంటే ఆ రాయి అంతకంటె పాతదై ఉండవలసింది. చంద్రుడు మనం అనుకున్న దానికంటె ఆలస్యంగా చల్లారాడా, లేక తరువాతి వేడికి ఆ రాతి వయసును చెప్పే ఐసోటోపుల గడియారం మళ్లీ మొదలైందా అన్న వాదం ఇంకా సాగుతూనే ఉంది. ప్రజ్ఞాన్ ఫలితం సముద్రపు ఊహకు గట్టి బలమే గాని ఈ వాదాన్ని అది తీర్చదు.

వయసు తేలాలంటే రాయి ప్రయోగశాలకు రావాలి. నమూనాలను వెనక్కు తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ మట్టి వచ్చిన రోజున నేను మొదట వెతికేది అందులో ఇనుము ఎంత, మెగ్నీషియం ఎంత అన్న లెక్కను కాదు. ఏ నలుసులోనైనా, వయసు లెక్కకట్టడానికి పనికివచ్చే సమారియం, నియోడిమియం ఐసోటోపులు కొలిచేంత ప్లేజియోక్లేజ్, పైరాక్సీన్ పక్కపక్కన కలిసి దొరికాయా అన్న ఒక్క వాక్యాన్ని.