మీకు ఏం వచ్చు అని అడిగిన ఫోన్

పొద్దున ఎనిమిదింపావుకి పాపను స్కూలు ఆటో ఎక్కిస్తే మళ్ళీ మూడున్నరకి వచ్చేది. బాబుకి అప్పటికి ఏడాదిన్నర. ఇది 2022 సంగతి. మావారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో పని చేస్తారు. కరోనా టైంలో తగ్గించిన జీతాన్ని షాపువాళ్ళు ఇంకా పూర్తిగా పెంచలేదు. యూకేజీ ఫీజు మొదటి టర్మ్ కట్టడానికి నా గాజులు రెండు బ్యాంకులో పెట్టాం. వాటిని ఎలాగైనా విడిపించుకోవాలనే పట్టుదలతోనే ఫోన్‌లో ‘ఇంటి దగ్గర పని’ అని వెతకడం మొదలుపెట్టాను.

వెతికిన రెండో రోజుకే ప్రకటనలు వాటంతట అవే రావడం మొదలైంది. ‘పిల్లల తల్లులకు మంచి అవకాశం. చదువు అక్కర్లేదు. అనుభవం అక్కర్లేదు. ఫోన్ ఉంటే చాలు. రోజుకు రెండు గంటలు.’ అచ్చం నా కోసమే రాసినట్టు అనిపించింది. నంబరు పెట్టిన పావుగంటలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. పిల్లలెంతమంది, ఎంతెంత వయసు, మావారు ఏం చేస్తారు, ఇంట్లో ఇంకా ఎవరుంటారు అన్నీ అడిగింది. నాకు ఏం వచ్చో మాత్రం అడగలేదు. ఆ రోజు ఆ తేడా నాకు తట్టలేదు.

పని ఏమిటంటే ఫారాలు నింపడం. ఫారానికి 20 రూపాయలు, ఐదు రోజుల్లో 500 ఫారాలు, 95 శాతం తప్పుల్లేకుండా ఉండాలి. ముందు రిజిస్ట్రేషన్‌కి 1,999 కట్టాలి, మొదటి జీతంతో పాటు తిరిగి ఇచ్చేస్తారట. ఆధార్, ఫోటో, సంతకం పెట్టిన అగ్రిమెంటు కూడా పంపాను. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా కూర్చునేదాన్ని. మసకగా ఉన్న బొమ్మలో విదేశీ పేర్లు, అడ్రసులు ఉండేవి. వాటిని చూసి ఒక్కో అక్షరం కొట్టాలి. మధ్యలో సైటు ఆగిపోయేది. అయినా 500 పూర్తి చేశాను. ఆరో రోజు మెసేజ్ వచ్చింది: మీ పని క్యూసీలో, అంటే నాణ్యత తనిఖీలో ఫెయిల్, 71 శాతమే సరిగ్గా ఉంది, అగ్రిమెంటు ప్రకారం 6,800 కట్టండి. ఆ మర్నాడు వాట్సాప్‌లో లాయరు పేరుతో నోటీసు వచ్చింది. ఎక్కడో వేరే రాష్ట్రంలోని కోర్టు ముద్ర, మూడు సింహాల బొమ్మ, ఎర్ర అక్షరాల్లో ‘అరెస్టు’ అన్న మాట.

పదకొండు రోజులు ఆ నోటీసును ఎవరికీ చూపించలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడితే గుండె దడదడలాడేది. బాబుకి అన్నం పెడుతూ కూడా ఫోన్ వైపే చూసేదాన్ని. చివరికి సత్యనారాయణపురంలో ఉండే మా బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కళ్ళద్దాలు పెట్టుకుని నోటీసు రెండుసార్లు చదివి, “అమ్మాయ్, కేసు నంబరు ఏదీ?” అన్నారు. ఎక్కడా లేదు. నిజంగా కేసు వేస్తే దానికి నంబరుంటుందని, సీఎన్‌ఆర్ అని 16 అక్షరాలూ అంకెల నంబరు ఒకటి ఇస్తారని, ఈ-కోర్ట్స్ సైటులో ఎవరైనా చూసుకోవచ్చని చెప్పారు. “పని బాగా చేయలేదని పోలీసులు ఎవర్నీ పట్టుకుపోరు. అది డబ్బు తగాదా. ఉంటే సివిల్ కోర్టులో తేల్చుకుంటారు. నువ్వు పైసా కట్టకు, వాళ్ళు పంపినవేవీ తుడిచెయ్యకు” అన్నారు. ఆ సాయంత్రమే మావారికి చెప్పాను. తిడతారనుకున్నాను. “ఇన్ని రోజులు ఒక్కదానివే ఎందుకు మోశావు?” అని మాత్రం అన్నారు.

సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. మూడు వారాల పాటు రకరకాల నంబర్ల నుంచి బెదిరింపు కాల్స్ వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఏ కేసూ రాలేదు. 1,999 కూడా రాలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడు అలాంటి నోటీసు వచ్చి ఉంటే దయచేసి ఇవాళే ఇంట్లో ఎవరికైనా చూపించండి. ఆ పదకొండు రోజులు నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

మరుసటి ఏడాది మా కింద పోర్షన్‌లో ఉండే అక్కకి ఇంకో రకంగా జరిగింది. హోటళ్ళకు స్టార్ రేటింగ్ ఇస్తే చాలన్నారు, టెలిగ్రామ్‌లో. మొదటి రోజు 150 రూపాయలు నిజంగానే వేశారు. తర్వాత 1,000 కడితే 1,300 వచ్చాయి. ఆ నమ్మకంతో ఆమె మూడు దఫాలుగా 62,000 కట్టింది. స్క్రీన్ మీద లక్ష దాటి కనపడుతోంది కానీ తీసుకోబోతే ‘టాక్స్ కట్టండి, టాస్క్ మధ్యలో ఆపకూడదు’ అంటారు. గ్రూపులో మిగతావాళ్ళంతా లాభాలొచ్చాయని స్క్రీన్‌షాట్లు పెడుతూనే ఉన్నారు. వాళ్ళూ ఆ ముఠావాళ్ళేనని ఆమెకి తర్వాత అర్థమైంది. డబ్బు పోయింది శనివారం. సిగ్గుతో సోమవారం దాకా నాకు చెప్పలేదు. వినగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఏ బ్యాంకు, ఎంత, ఏ టైం, డబ్బు పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు ఎంత అని అడిగి రాసుకున్నారు. అప్పటికే చాలా వరకు డబ్బు ఖాతాలు మారిపోయింది. ఒక ఖాతాలో మిగిలిన 11,000 ఆపగలిగారు, అది చేతికి రావడానికి నెలలు పట్టింది. శనివారమే చేసి ఉంటే ఇంకొంత ఆగేదేమోనని ఆమె ఇప్పటికీ బాధపడుతుంది. డబ్బు అవతలి ఖాతాలో ఉన్న మొదటి గంటా రెండు గంటలే ముఖ్యం.

ఇంకొకటి, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ‘మీ ఖాతాలోకి మా కస్టమర్ల డబ్బు వస్తుంది, కమిషన్ ఉంచుకుని మిగతాది మేం చెప్పిన చోటికి పంపండి’ అంటారు. అది ఉద్యోగం కాదు. ఆ అక్కలాంటి వాళ్ళ దగ్గర కొట్టేసిన డబ్బు మన ఖాతా మీదుగా దాటించడం. రేపు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మన ఇంటికి, ఫ్రీజయ్యేది మన ఖాతా. మావారి జీతం పడే ఖాతాని కూడా ఇలా అడిగారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ అక్క సంగతి జరిగిన వారంలో ఒక రాత్రి పాప రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో నాకు ఏం వచ్చో రాసుకున్నాను. బీకాం. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి నాలుగేళ్ళు గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో పని. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్. బిల్లు చూడగానే ఏ లెడ్జర్‌లో వేయాలో తెలుస్తుంది. అంతే, నాలుగు లైన్లు. పాప కడుపులో ఉండగా 2017 మొదట్లో మానేశాను, అప్పటికి పాత అమ్మకం పన్ను వ్యాట్ నడుస్తోంది. ఆ జూలై 1న జీఎస్టీ వచ్చింది. నాకు తెలిసిన రిటర్నులన్నీ పోయాయి. ఆరేళ్ళ తర్వాత ఏ మొహంతో అడగాలి అనిపించింది. అయినా మా పాత ఆడిటర్ గారికి మెసేజ్ పెట్టాను: సార్, ఇంటి నుంచి చేసే పని ఏమైనా ఉంటే చెప్పండి, ఇద్దరు పిల్లలు, ఆఫీసుకి రోజూ రాలేను.

రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. పిల్లల గురించి ఒక్క మాట అడిగి, “సరేగానీ అమ్మా, ఇప్పుడు నీకు ఏం వచ్చు? 2బీ రికన్సిలియేషన్ వచ్చా?” అన్నారు. జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే కొనుగోళ్ళను మన బిల్లులతో సరిచూడటం అది. రాదు సార్, నేర్చుకుంటాను అన్నాను. “అయితే ఒక వారం ఆఫీసుకి రా.” ఆ వారం మా అమ్మ తెనాలి నుంచి వచ్చి పిల్లల్ని చూసుకుంది. ఆఫీసులో నాకంటే పదేళ్ళు చిన్నమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. తర్వాత నలభై బిల్లులు ఇచ్చి ఇంట్లో ఎక్కించి పంపమన్నారు. అందులో ఆరు తప్పులు దొరికాయి. ఆరూ చూపించారు, దిద్దించారు, ఆ నలభై బిల్లులకూ డబ్బు ఇచ్చారు. నన్ను ఎక్కడా రూపాయి కట్టమనలేదు. అంతకుముందు ఏడాది 500 ఫారాలు నింపితే ఒక్క తప్పయినా ఎక్కడుందో చూపించినవాళ్ళు లేరు.

మూడు షాపుల లెక్కలతో నెలకు 6,000కి మొదలైంది. ఇప్పుడు తొమ్మిది షాపులు, 15,000 దాకా వస్తుంది. ఎక్కువ ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపులు, రెండు వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల షాపులు. నెల మొదటి పది రోజులు అమ్మకాల బిల్లులు ఎక్కించాలి, ఎందుకంటే 11కి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వెళ్ళాలి. 14న పోర్టల్‌లో 2బీ వస్తుంది. అందులో అమ్మినవాళ్ళు చూపించిన బిల్లులకూ మన షాపువాళ్ళు ఇచ్చిన కొనుగోలు బిల్లులకూ పొంతన చూసి, రానివాటి జాబితా పంపాలి. 20కి ఆ నెల పన్ను లెక్క చూపించే 3బీ రిటర్ను.

ఇక్కడ తల్లులకి ఒక మాట చెప్పాలి. ఇంటి నుంచి పని అంటే పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని చేసే పని అని నేనూ అనుకున్నాను. లెక్కల పని అలా కుదరదు. బాబు పక్కనుంటే 1,180 బదులు 11,800 పడిన రోజులున్నాయి. అందుకే ఆడిటర్ గారికి ముందే చెప్పాను: బాబు అంగన్‌వాడీలో ఉండే పొద్దున మూడు గంటలు, రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర. ఆ మధ్యలో ఫోన్ తీయలేను. ఆయన సరేనన్నారు. ఇంత టైం ఇవ్వగలను, ఇంతే ఇవ్వగలను అని చెప్పడానికి మొదట భయమేసింది. చెప్పకుండా ఒప్పుకుని ఉంటే రెండో నెలలోనే మానేసేదాన్ని. ఎండాకాలం సెలవులు మాత్రం ఇప్పటికీ కష్టమే. ఇద్దరూ ఇంట్లో, మధ్యాహ్నం కరెంటు పోతే చెమటలు, అటు 11వ తారీఖు దగ్గరపడుతుంటుంది. మా అమ్మ రాకపోతే గడవదు.

ఈ పనిలో పడ్డాకే ఒక విషయం తెలిసింది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కూడా లేకుండా ఎవరి జీఎస్టీ నంబరైనా కొట్టి చూడొచ్చు. 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రం, మన ఆంధ్రప్రదేశ్‌ది 37, ఆ తర్వాత పది పాన్ నంబరు. కొడితే యజమాని పేరు, ఏం వ్యాపారం, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా అన్నీ వస్తాయి. ఒక రాత్రి పని అయ్యాక నా పాత అగ్రిమెంటు తీసి దాని మీద ఉన్న నంబరు కొట్టాను. వేరే ఎవరిదో పేరు, హార్డ్‌వేర్ వ్యాపారం, రద్దయిన రిజిస్ట్రేషన్. ఒక్క నిమిషం పట్టింది. కంపెనీ పేరైతే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో ఉచితంగా చూడొచ్చు. కానీ పేరు ఉన్నంత మాత్రాన నమ్మకండి. మంచి కంపెనీల పేర్లే వాడుకుంటున్నారు కాబట్టి, ఆ కంపెనీ సొంత సైటులో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి, ఫలానా మనిషి మీవాళ్ళేనా, ఈ ఉద్యోగం మీదేనా అని అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల సైటు ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. మన దగ్గర సచివాలయం వాళ్ళు ఎవరికి ఏ పని వచ్చో రాసుకునే కౌశలం సర్వేకి వచ్చినప్పుడు కూడా నా చదువు, టాలీ వివరాలు రాయించాను, వాళ్ళూ ఏమీ తీసుకోలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి వచ్చి మా సింగ్‌నగర్ అంతా మునిగింది. మేం పై పోర్షన్ కాబట్టి ల్యాప్‌టాప్, షాపుల బిల్లుల సంచులు దక్కాయి. కరెంటు లేదు, నెట్ లేదు, మంచినీళ్ళు పడవ మీద వచ్చాయి. 11వ తారీఖు దగ్గరపడుతోందని కడుపులో ఒకటే ఆందోళన. ఫోన్ సిగ్నల్ వచ్చిన మొదటిరోజే ఆడిటర్ గారి మిస్డ్ కాల్స్ ఏడు ఉన్నాయి. రిటర్నుల కోసమనుకుని భయపడుతూనే చేశాను. “పిల్లలు బాగున్నారా? పాలు దొరుకుతున్నాయా?” అన్నారు. ఆ నెల నా షాపుల పని ఆఫీసులోనే పంచుకుని చేశారు.

కింద అక్క ఇల్లు ఆ వరదలో పూర్తిగా పోయింది. బియ్యం, ఫ్రిజ్, పరుపులు అన్నీ. వారానికి పైగా మా గదిలోనే ఉన్నారు. అప్పుడే ఒక రాత్రి కొవ్వొత్తి వెలుగులో అడిగాను, అక్కా నీకు ఏం వచ్చు అని. ఏమీ రాదంది. కాసేపటికి, పెళ్ళికి ముందు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రవీణ దాకా పాసయ్యానంది. ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఉండి నాకా సంగతి తెలియదు. ఇప్పుడు ఆ సభ తొలి పరీక్షలైన ప్రాథమిక, మధ్యమ రాసే పిల్లలకి ఫోన్‌లో హిందీ చెబుతోంది, ఒక్కొక్కరికి నెలకు 300. గుంటూరు నుంచి ఇద్దరు, మా అమ్మ చెప్పి పంపిన తెనాలి పిల్లలు నలుగురు, మిగతావాళ్ళు మా వీధిలోవాళ్ళు. మొత్తం పద్నాలుగు మంది. మొదటి నెల ఒక్కొక్కరి దగ్గర డబ్బు అడగడానికి మొహమాటపడి, నా చేత మెసేజ్ టైప్ చేయించుకుంది. ఇప్పుడు ఒకటో తారీఖు తనే పెడుతుంది.