పొద్దున్నే బిగుసుకుపోయే నడుము: ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో నా అనుభవం

మా వైపు పిల్లలు పుట్టిన ఆడమనిషికి నడుం నొప్పి అంటే కారణం ఎవరూ వెతకరు. అది ముందే తేలిపోయి ఉంటుంది. "సిజేరియన్‌లో నడుముకి మత్తు ఇంజక్షన్ ఇచ్చారుగా, దానివల్లే" అంటారు. అమ్మ అదే అంది, అత్తయ్య అదే అంది, మందులు రాసిన డాక్టర్లు కూడా అదే అన్నారు. పాప పుట్టకముందే, డిగ్రీ చదివే రోజుల్లోనే నొప్పి మొదలైందని నేను చెప్తే ఎవరి చెవికీ ఎక్కలేదు.

మాది తెనాలి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. నా జబ్బు పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక అడుగున, తుంటి ఎముకను కలిసే చోట రెండు పక్కలా సాక్రోఇలియాక్ కీళ్లు ఉంటాయి. వాపు అక్కడ మొదలై పైకి పాకుతుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఆ కీళ్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి అదుపు చేయకపోతే కొందరిలో అక్కడ కొత్త ఎముక పెరిగి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎక్కువమందికి ఇరవైల్లోనే మొదలవుతుంది. 45 ఏళ్లు దాటాక మొదలవడం అరుదు.

ఈ నొప్పికి ఒక తీరు ఉంది. బరువెత్తితే వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చేది, పక్కకు తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాల్సి వచ్చేది. పొద్దున లేచాక గంటకు పైగా నడుము కొయ్యబారి ఉండేది. వంగి చీపురు పట్టలేను, బాత్‌రూంలో చెంబు అందుకోలేను. అలాగే లాక్కుంటూ స్కూలుకు వెళ్తే రెండో పీరియడ్ అయ్యేసరికి బోర్డు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ మామూలు మనిషినయ్యేదాన్ని. ఆదివారం ఇంట్లో కాస్త నడుం వాలిస్తే సోమవారం నరకం. ఇంట్లోవాళ్లకు ఇది అర్థం కాలేదు, వాళ్లను తప్పు పట్టను. "పొద్దున పని దగ్గర నొప్పి అంటుంది, స్కూలుకెళ్తే మాత్రం బాగుంటుంది" అని అత్తయ్య అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. చూసేవాళ్లకు అది అలాగే కనిపిస్తుంది.

డాక్టర్లకు మాత్రం అది తెలియాలి. నేను చూపించుకున్నవాళ్లెవరూ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు: నొప్పి రెస్ట్‌తో తగ్గుతుందా, కదిలితే తగ్గుతుందా? ఒకరు డిస్క్ జారింది అన్నారు. ఒకరు సయాటికా అన్నారు. నడుముకు బెల్టు, బెడ్ రెస్ట్, కాల్షియం, డి విటమిన్. ఎక్స్‌రే నార్మల్ అని వచ్చింది. ఈ జబ్బులో మొదటి కొన్నేళ్లు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చని, ఎమ్మారై తీస్తేనే లోపలి వాపు బయటపడుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం లేదు అన్నారు. ఈ జబ్బులో అది సాధారణంగా నెగటివ్‌గానే ఉంటుంది. దానికి తోడు ఇది మగవాళ్ల జబ్బు అనే అభిప్రాయం పాతుకుపోయింది. పాత పుస్తకాల్లో పదిమంది మగవాళ్లకు ఒక్క ఆడమనిషి అని రాసేవాళ్లు. ఇప్పుడు ఆ తేడా ఇద్దరు ముగ్గురు మగవాళ్లకు ఒక ఆడమనిషి దాకా తగ్గింది. ఆడవాళ్లలో ఎక్స్‌రే మార్పులు నెమ్మదిగా వస్తాయి, అందుకే జబ్బు పేరు బయటపడటానికి మాకు ఇంకా ఆలస్యమవుతుంది.

ఆ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ బాగు చేసినట్టు అనిపించినవి ఒకచోట ఇచ్చిన పొట్లాలు. వారంలో నడుము తేలికైంది, ఆకలి పెరిగింది, ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, మెట్లెక్కితే తొడల్లో బలం లేదు. అవి స్టెరాయిడ్లని తర్వాత చూసిన ఫిజీషియన్ చెప్పారు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చారు. వెన్నెముకకు వచ్చే ఈ జబ్బుకు స్టెరాయిడ్ గోళీలను దీర్ఘకాలం వాడే వైద్యంగా ఏ మార్గదర్శకాలూ ఒప్పుకోవు. మన ఊళ్లలో మాత్రం కీళ్ల నొప్పులంటే ముందు చేతిలో పడేవి అవే.

పొట్లాలు ఆగాక వచ్చిన నెలలే నాకు అన్నిటికంటే చీకటి రోజులు. నొప్పి కంటే నన్ను ఎక్కువ కుంగదీసింది "ఈసారి పూర్తిగా తగ్గిపోతుంది" అనే మాట. ప్రతి కొత్త మందుతో ఆ మాట వచ్చేది. నేను నమ్మేదాన్ని, మావారూ నమ్మేవారు, డబ్బు సర్దేవారు. తగ్గనప్పుడల్లా మందు పనిచేయలేదని ఎవరూ అనుకోలేదు, నాలోనే ఏదో లోపం ఉందనుకున్నారు. మనసు గట్టిగా లేదని ఒకరు, యోగా సరిగా చేయట్లేదని ఒకరు. కొన్నాళ్లకు కొత్త డాక్టరు పేరు ఎవరైనా చెప్తే ఏడుపొచ్చేది.

దారి కంటి డాక్టరు దగ్గర దొరికింది. ఒక చలికాలం ఎడమ కన్ను ఎర్రబడింది. కళ్లకలక అని మెడికల్ షాపులో డ్రాప్స్ ఇచ్చారు. కానీ కళ్లకలకలో ఉండే పుసి లేదు, రెండో కంటికి అంటుకోలేదు, వెలుగు చూస్తే సూదులతో పొడిచినట్టుంది. గుంటూరులో కంటి డాక్టరమ్మ మెషీన్‌లో చూసి యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాచిందన్నారు. ఆలస్యమైతే కంటిపాప వెనకున్న లెన్స్‌కు అతుక్కుంటుందని వెంటనే స్టెరాయిడ్ చుక్కలు, కంటిపాపను విప్పే చుక్కలు మొదలుపెట్టారు. రాస్తూ రాస్తూ తలెత్తి అడిగారు: "అమ్మా, మీకు నడుం నొప్పి ఉందా? పొద్దున్నే బిగుసుకుపోయి, తిరిగితే తగ్గుతుందా?" ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. అక్కడే కూర్చుని ఏడ్చాను, ఎడమ కంట్లో చుక్కలు, కుడి కంట్లో కన్నీళ్లు.

ఆవిడ విజయవాడలో రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం డాక్టరుకు, ఉత్తరం రాసిచ్చారు. ఎమ్మారైలో రెండు సాక్రోఇలియాక్ కీళ్లలోనూ వాపు స్పష్టంగా కనిపించింది. హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్. ఈ జన్యువు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, చాలామందికి జీవితాంతం ఏమీ కాదు, కానీ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అది ఉంటుంది. డాక్టరుగారు ఎమ్మారైని లైటు మీద పెట్టి చూపించి, "ఇది నయమయ్యేది కాదమ్మా. అదుపులో ఉండేది. మీ పూసలు ఇంకా అతుక్కోలేదు, కాబట్టి మనకు సమయం ఉంది" అన్నారు. నయం కాదన్న మాటకు మావారి ముఖం వాడిపోయింది. నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఊపిరాడింది. ఇక ఎవరూ పూర్తిగా తగ్గిస్తామని చెప్పి నన్ను పరీక్షలో కూర్చోబెట్టరు.

వైద్యం దొరికింది కదా, కథ అయిపోయింది అనుకోకండి. మొదట నొప్పి గోళీలే, కానీ ఈసారి సరైన మోతాదులో, రోజూ, భోజనం తర్వాత, మధ్యమధ్య బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకుంటూ. ఈ జబ్బుకు అదే మొదటి మెట్టు. కొందరికి అది చాలు. నాకు చాలలేదు. తర్వాతి మెట్టు బయోలాజిక్స్ అనే ఇంజక్షన్లు. వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అవి అడ్డుకుంటాయి. ఆ ప్రొటీన్ ఒంట్లో నిద్రపోతున్న టీబీని అణచిపెట్టే పని కూడా చేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. నాకు ఛాతీ ఎక్స్‌రే తీసి, ముంజేతి చర్మంలో మందు పొడిచి చూసే మాంటూ టెస్టు చేశారు. నాకు చెయ్యి గట్టిగా వాచింది. టీబీ జబ్బు లేదు, కానీ క్రిమి లోపల నిద్రలో ఉందన్నారు. దానికి ఐసోనియాజిడ్ గోళీలు ఆరు నెలలు వాడాలి, ఒక నెల వాడాక ఇంజక్షన్ మొదలుపెట్టొచ్చు.

టీబీ అనే మాట ఇంట్లో పడగానే జరిగింది చెప్పకుండా ఉండలేను. అత్తయ్య నా గ్లాసు విడిగా పెట్టారు. నేను గొడవ పడలేదు, ఆవిడను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఇది ఎవరికీ అంటదు పెద్దమ్మా, మన దేశంలో ఎంతోమంది ఒంట్లో ఇలాగే ఉంటుంది" అని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఇంటికొచ్చాక గ్లాసు మళ్లీ అందరి గ్లాసుల్లోకి చేరింది. జబ్బు ఉన్నవాళ్లకే కాదు, ఇంట్లోవాళ్లకు కూడా డాక్టరు రెండు మాటలు చెప్తే ఎంత మారుతుందో ఆ రోజు చూశాను.

నాకు రాసింది అడాలిముమాబ్ అనే ఇంజక్షన్, 40 మిల్లీగ్రాములు, రెండు వారాలకోసారి. దీని తొలి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీ తయారుచేసే మందును, ప్రపంచంలో మొదట తెచ్చింది మన దేశమే. 2014 డిసెంబరులో జైడస్ కంపెనీ విడుదల చేసింది. విదేశీ మందు ధరతో పోలిస్తే చాలా తగ్గింది, అయినా నా జీతానికి భారమే. ఇంజక్షన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, అందుకే విజయవాడ నుంచి ఐస్ డబ్బాలో పెట్టుకుని ప్యాసింజర్ రైల్లో తెచ్చుకునేదాన్ని. మొదటి నెలలోనే తెల్లవారుజాము మెలకువ పోయింది. పాపను ఎత్తుకుని తిరిగాను.

తర్వాత డబ్బు అడ్డొచ్చింది. ఆసుపత్రిలో చేరకుండా వేసుకునే ఇంజక్షన్ కాబట్టి మా ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. వేసవి సెలవుల్లో స్కూలు జీతం లేదు. ఇంజక్షన్ ఆగింది, నెమ్మదిగా పాత నొప్పి తిరిగొచ్చింది. మందు ఉండీ వాడుకోలేకపోవడం, మందే తెలియని రోజుల కంటే బాధగా ఉంటుంది. నా జబ్బు అప్పటి నుంచి ఈ మధ్య వరకు సగం వైద్యంతోనే నడిచింది. కొన్ని నెలలు ఇంజక్షన్, కొన్ని నెలలు గోళీలు. ఇది సరైన పద్ధతి కాదని డాక్టరుగారికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజులను నన్ను దాటించింది లెక్క. బాస్‌డాయ్ అని ఒక ప్రశ్నావళి ఉంది, ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో తయారుచేసి 1994లో ప్రచురించారు. ఆరు ప్రశ్నలు: అలసట, మెడ వెన్ను నడుము నొప్పి, మిగతా కీళ్ల నొప్పి, నొక్కితే నొప్పి పుట్టే చోట్లు, పొద్దుటి బిగుతు ఎంత తీవ్రం, ఎంతసేపు. ఒక్కోదానికి సున్నా నుంచి పది. చివరి రెండింటి సగటు తీసి మొదటి నాలుగింటికి కలిపి ఐదుతో భాగించాలి. నాలుగు గానీ అంతకు మించి గానీ వస్తే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. ప్రతి ఆదివారం లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తాను. పాప దర్జీ టేపుతో నాకు కొలతలు తీస్తుంది. మడమలు గోడకు ఆనించి నిలబడితే తల వెనక భాగం గోడకు తగులుతుందా, నడుము మీద పది సెంటీమీటర్లు గుర్తుపెట్టి వంగితే అది ఎంత సాగుతుంది, గాలి పీలిస్తే ఛాతీ ఎంత పెరుగుతుంది. ఫిజియోథెరపిస్టు నేర్పించిన కసరత్తులు పొద్దున వేడినీళ్ల స్నానం తర్వాత చేస్తాను, జ్వరం వస్తే తప్ప మానను.

దీనివల్ల జరిగిన మేలు చెప్తాను. ఇంజక్షన్ లేని నెలల్లో నొప్పి పెరిగినా నడుము సాగే కొలత తగ్గలేదు. అంటే నొప్పి ఉంది గానీ వెన్ను బిగుసుకోలేదు. నొప్పి రోజు "అంతా అయిపోయింది" అని మనసు అంటే, కాదని నోట్‌బుక్ చూపించగలదు. డాక్టరుగారికి దొరికే ఐదు నిమిషాల్లో "ఎలా ఉంది" అంటే "బాలేదండీ" అని ఊరుకునేదాన్ని, ఇప్పుడు పేజీ తిప్పి ముందు పెడతాను. ఆయన అంకెలు చూసి, డబ్బు లేని నెలల్లో మానేయడం కంటే ఏడాది పొడవునా విరామం పెంచి వేసుకోవడం నయమేమో చూద్దాం అన్నారు. ఇప్పుడు మూడు వారాలకోసారి వేసుకుంటున్నాను. స్కోరు మూడు దగ్గర ఉంటోంది.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడు కుంటుతూ వచ్చాడు. మడమ శూల అని వాళ్ల ఊళ్లో చెప్పు మార్పించారట. "పొద్దున మొదటి అడుగులోనే ఎక్కువా?" అంటే "అవునక్కా" అన్నాడు. "నడుము?" అంటే తల పక్కకు తిప్పుకున్నాడు. "చెప్తే నువ్వు భయపడతావని చెప్పలేదు" అన్నాడు. వాడికి ఇరవయ్యారేళ్లు. మాలాంటి ఇళ్లలో తోబుట్టువులకు ఇది వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ఎముకకు అతుక్కునే చోట వాపు కూడా ఇందులో భాగమే. వాడి ఎమ్మారైకి నాతో పాటే వచ్చే నెలకు తేదీ తీసుకున్నాను.

ఆ రోజు అడగాల్సినవి నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకున్నాను. ఇంజక్షన్ మూడు వారాలకు మార్చాక నా సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) ఎలా ఉంది? ఆ పొట్లాలు వాడినందుకు ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలా? వాపును తగ్గించే టోఫాసిటినిబ్ గోళీలు ఇంజక్షన్ కంటే చవకగా దొరుకుతున్నాయి కదా, అవి నాకు సరిపోతాయా, వాటికి ఏయే జాగ్రత్తలు కావాలి? తమ్ముడికి వాపు కనిపిస్తే మొదటి ఏడాదిలోనే సరైన వైద్యం మొదలుపెట్టడానికి ఏం చేయాలి?