కాగితపు సన్యాసులు: అంగీ రంగును బట్టే పని

టేబుల్ మీద ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలకు మధ్యయుగపు సన్యాసుల బొమ్మలు ప్రింట్ చేసుకుంటున్నారా? ముందు వాళ్లు ఏ సంఘంవాళ్లో తేల్చుకోండి. బెనెడిక్టీన్లది నల్ల అంగీ. 1098లో ఫ్రాన్స్‌లోని సీతోలో మొదలైన సిస్టర్షియన్లది రంగు అద్దని ఉన్ని, అంటే తెలుపు. నడుముకు తాడు కట్టే ఫ్రాన్సిస్కన్లు 1209లో, డొమినికన్లు 1216లో వచ్చారు. కథ 1150లో జరుగుతుంటే ఆ రెండు షీట్లూ పక్కన పెట్టేయండి.

కార్డు 160 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 160 గ్రాముల బరువు) చాలు, బొమ్మ ముందు వైపూ వెనక వైపూ ఒకే కార్డు మీద ఉంటాయి కాబట్టి మడిచాక ఎలాగూ రెండు పొరలవుతుంది. ప్రింట్ సైజు నూరు శాతమే ఉండాలి. ‘పేజీకి సరిపెట్టు’ అన్నది ఉంచేస్తే బొమ్మ చిక్కిపోయి, దాన్ని నిలబెట్టే 25 మిల్లీమీటర్ల పీటకు చాలదు.

అసలు చిక్కంతా నల్ల అంగీతోనే. సిరా ఎక్కువ పడి కార్డు తడుస్తుంది, వంగుతుంది. ఒక పూట ఆరనివ్వండి. టోపీ కొన సరిగ్గా మడత మీద పడితే అక్కడ సిరా పగిలి తెల్లగీత కనిపిస్తుంది. అందుకే మడత గీత రెండు చివరలా గుండుసూదితో గుచ్చి, కార్డు తిప్పి, ఖాళీ వైపు నుంచి సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో స్కేలు వెంట గీయండి.

జిగురుకు గ్లూ స్టిక్ మేలు. తెల్లజిగురులోని నీటికి కార్డు అలలు తేలుతుంది. అతికించగానే వెలుతురుకు పట్టి ముందూ వెనకా కలిశాయో లేదో చూసి, బరువైన పుస్తకం కింద అరగంట ఉంచండి. కత్తిరింపు ఆ తర్వాతే. చుట్టూ ఒక మిల్లీమీటరు వదలండి. చేతికర్రకూ అంగీకీ మధ్య సందు తొలిచారో, రెండో ఆటకే కర్ర విరుగుతుంది. ఆ సందును అలాగే వదిలేయడమే నయం.

ఇక కత్తిరించిన చోట తెల్లగా కనిపించే అంచులకు రంగు. మార్కర్ మొనతో కాక పక్కవాటుగా రుద్దాలి, లేకపోతే రంగు బొమ్మ మీదికి పాకుతుంది. ఇంక్‌జెట్ ప్రింటయితే ముందే ఫిక్సేటివ్ స్ప్రే (సిరా చెదరకుండా పట్టి ఉంచేది) రెండు పల్చటి పూతలు కొట్టండి. నల్ల అంగీకి నల్ల మార్కర్ సరే, తెల్ల అంగీకి మాత్రం లేత బూడిదరంగు పెన్సిల్ వాడండి. టోపీ లేని సన్యాసి దగ్గర మరింత జాగ్రత్త: అతని నడినెత్తి గొరిగి ఉంటుంది, చుట్టూ వలయంలా మాత్రమే జుట్టు. పై అంచు మీద కూడా నల్ల మార్కర్ తిప్పేస్తే బోడితలకు జుట్టు మొలిచేస్తుంది. అక్కడ చర్మపు రంగు పెన్సిలే వాడాలి.